స్టేడియానికి నా పావు డాలరు

"కోట్లు గడించే జట్టుకి ప్రజల డబ్బుతో స్టేడియం కట్టించడం న్యాయమేనా? ఊరికి ఏమైనా ఒరుగుతుందా?" అని అడిగారు. చదువు కోసం 2014లో టెక్సస్‌లోని ఆర్లింగ్టన్‌కి వచ్చి నాలుగేళ్లు ఉన్నాను కాబట్టి చెబుతున్నాను.

మొదటి వారంలోనే 50 డాలర్లు పెట్టి కుక్కర్ కొన్నాను. బియ్యం, పప్పు మీద పన్ను లేదు. కుక్కర్ మీద మాత్రం 8 శాతం, అంటే 4 డాలర్లు పడింది. ప్రతిదీ రూపాయల్లోకి మార్చి చూసుకునే రోజులు కదా, బిల్లు రెండుసార్లు చదివాను. "అందులో పావు డాలరు స్టేడియానిది" అన్నాడు రూమ్మేట్. జోక్ అనుకున్నాను.

నిజమే. పక్కనున్న డల్లాస్ నగరం పేరు పెట్టుకున్న డల్లాస్ కౌబాయ్స్ ఫుట్‌బాల్ జట్టుకి ఆర్లింగ్టన్‌లో స్టేడియం కట్టడం కోసం 2004లో ఇక్కడి జనమే ఓటేసి అమ్మకం పన్ను అర శాతం పెంచుకున్నారు. హోటల్ గదుల మీద, అద్దె కార్ల మీద కూడా వేశారు. నగరం వాటా 32.5 కోట్ల డాలర్లు. జట్టు కట్టే అద్దె ఏడాదికి 20 లక్షలు. ఆ అద్దెతోనే అసలు తీరాలంటే 160 ఏళ్లు పైనే పడుతుంది.

ఆ కుక్కర్ డబ్బా భుజాన పెట్టుకుని కూపర్ స్ట్రీట్ వెంబడి నడిచే ఇంటికొచ్చాం. రైల్వే స్టేషన్‌కి పోయే ఒక్క రూటు తప్ప అప్పట్లో ఊళ్లో బస్సుల్లేవు. టెక్సస్‌లో రాష్ట్రం వేసే పన్ను కాక, స్థానిక అమ్మకం పన్ను అన్నీ కలిపి 2 శాతం దాటకూడదు. డల్లాస్ బస్సులు, రైళ్ల వ్యవస్థలో చేరాలంటే అందులో 1 శాతం ఇవ్వాలి. అర శాతం స్టేడియానికి పోయాక ఇంకెక్కడిది? అలాగని తప్పంతా స్టేడియానిదే అనను. అంతకుముందే ఆర్లింగ్టన్ ఓటర్లు బస్సుల ప్రతిపాదనని మూడుసార్లు ఓడించారు.

నాకు అసలు ఒళ్లు మండింది బేస్‌బాల్ జట్టు రేంజర్స్ విషయంలో. ప్రజల పన్నుతోనే కట్టిన స్టేడియం వాళ్లకి 1994 నుంచి ఉంది. 2016లో కొత్తది కావాలన్నారు. కారణం ఎండ, పైకప్పు లేదట! ఎండ మాట అబద్ధం కాదు లెండి. ఒక మధ్యాహ్నం మ్యాచ్‌కి వెళ్తే, విజయవాడలో పెరిగిన నేనే కుర్చీ వదిలేసి నీడ వెతుక్కున్నాను. అయినా 22 ఏళ్లకే పాతదైపోయిందా? ఆ నవంబరులో ఓటింగ్ పెడితే అదీ నెగ్గింది. నగరం వాటా 50 కోట్ల డాలర్ల దాకా. నాకు ఓటు లేదు, పన్ను మాత్రం ఉంది.

ఊరికి లాభమా అంటే, ఆర్థికవేత్తల్లో ఎక్కువమంది లేదనే అంటారు. టికెట్‌కి పెట్టే డబ్బు, అది లేకపోతే ఏ సినిమాకో హోటల్‌కో పెట్టేదే. పక్క నగరాలు డల్లాస్, ఫోర్ట్‌వర్త్ జనం వచ్చి ఖర్చు పెడతారు కాబట్టి ఆర్లింగ్టన్‌కి కొంత నయం. కానీ నేను చూసినంతవరకు కార్లు హైవే దిగి పార్కింగ్‌లోకి పోయేవి, ఆట అవగానే మళ్లీ హైవే ఎక్కేసేవి. మా వీధి చివరి చిన్న హోటల్‌కి మ్యాచ్ రోజున ట్రాఫిక్ భయంతో రోజూ వచ్చేవాళ్లు కూడా వచ్చేవాళ్లు కాదు.

మీ ఊళ్లో ఇలాంటిది వస్తే స్టేడియం ఇలా ఉంటుందని చూపించే రంగుల బొమ్మలు పక్కన పెట్టి ఒప్పందం చదవండి. టికెట్లు, పార్కింగ్, స్టేడియానికి కంపెనీ పేరు పెట్టుకునే హక్కుల డబ్బు ఎవరికి పోతుందో చూడండి. కౌబాయ్స్ స్టేడియం పేరు అమ్మిన డబ్బులో నగరానికి దక్కేది 5 శాతం, అదీ ఏడాదికి 5 లక్షల డాలర్లు మించకుండా.