పోకర్ పుస్తకం కొనేముందు ఏం చూడాలి?

ప్రశ్న: అప్పుడప్పుడు అట్లాంటిక్ సిటీ వెళ్లి 1-2 డాలర్ల బ్లైండ్స్‌తో (ముక్కలు చూడకముందే ఇద్దరు పెట్టాల్సిన పందాలు) నో-లిమిట్ హోల్డెమ్, అంటే ఎంతైనా బెట్ వేయగల పోకర్ ఆడుతుంటాను. నియమాలన్నీ వచ్చు, ఆట మాత్రం మెరుగుపడటం లేదు. ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి? పాతవి పనికిరావంటున్నారు, నిజమేనా?
- ఒక పాఠకుడు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: పుస్తకం పాతదా కొత్తదా అన్నది తర్వాత. ముందు అది ఏ ఆట గురించో చూడండి. 2004లో వచ్చిన ‘స్మాల్ స్టేక్స్ హోల్డెమ్’ పేరు చూస్తే మీ టేబుల్ కోసమే రాశారనిపిస్తుంది. కానీ అది లిమిట్ ఆటది. అందులో బెట్ ఎంతో ముందే ఖాయం కాబట్టి, పాట్ (మధ్యలో పోగయ్యే డబ్బు) పెరిగేకొద్దీ కాల్ (అవతలివాడి బెట్‌కు సరిపడా పెట్టడం) చవకవుతుంది. డ్రా (ఇంకో ముక్క పడితే కుదిరే చేయి) పట్టుకుని చివరిదాకా వెళ్లడం చాలాసార్లు సరైన పనే. అదే అలవాటు నో-లిమిట్‌లో చూపిస్తే స్టాక్ (మీ ముందున్న డబ్బు) కరిగిపోతుంది. అదే ఏడాది మొదలైన హారింగ్టన్ సంపుటాలు చక్కటివి, లెక్కలతో సాధన చేయిస్తాయి. కాకపోతే అవి టోర్నమెంట్లవి. బ్లైండ్స్ పెరిగిపోయి స్టాక్ చిన్నదైపోయే ఆట అది. 200 డాలర్లతో, అంటే 100 బిగ్ బ్లైండ్స్‌తో (పెద్ద బ్లైండ్ 2 డాలర్లు కాబట్టి) కూర్చునే మీ పరిస్థితి వేరు.

మీకైతే ఎడ్ మిల్లర్ ‘ది కోర్స్’ (2015) సరిపోతుంది. కాసినోలో 1-2, 2-5 ఆడేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసిందే.

ఏ పుస్తకమైనా మధ్యలో ఒక ఉదాహరణ తీసి చూడండి. పాట్ ఎంత, స్టాక్‌లు ఎంత, ఎవరు ఏ స్థానంలో ఉన్నారు, ఈ మూడూ చెప్పకుండా ‘ఇక్కడ కాల్ చేయాలి’ అని తీర్పిస్తే అది కొనొద్దు.

చదివేటప్పుడు పెన్సిల్ పట్టుకోండి. ఉదాహరణకు టర్న్ (టేబుల్ మీద నాలుగో ముక్క) దాకా మీకు నాలుగు ఇస్పేట్లు కుదిరాయి, ఐదోది పడితే ఫ్లష్. పాట్‌లో 60 ఉంది, అవతలివాడు 40 బెట్ వేశాడు. 100 గెలవడానికి మీరు 40 పెట్టాలి. 40ని 140తో భాగిస్తే దాదాపు 28.6 శాతం. కనీసం అంత శాతం సార్లు గెలవాలి. మీకు కనపడని ముక్కలు 46, అందులో ఇస్పేట్లు 9, అంటే 19.6 శాతమే. ఇస్పేటు పడ్డాక రివర్‌లో (చివరిదైన ఐదో ముక్క దగ్గర) సగటున ఇంకో 65 దాకా రాబట్టగలిగితేనే ఆ కాల్ గిట్టుబాటు. అవతలివాడి దగ్గర మిగిలిందే 30 అయితే ఫోల్డ్ చేయాల్సిందే, అంటే ముక్కలు పడేయాల్సిందే. ఇలాంటి లెక్క చేతిలోకి వచ్చేదాకా రెండో పుస్తకం జోలికి వెళ్లకండి.

ప్రశ్న: సాల్వర్ల (సరైన ఆటను లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాంలు) ఆధారంగా రాసిన జీటీఓ (గేమ్ థియరీ ప్రకారం ఉత్తమమైన ఆట) పుస్తకాలతోనే నేరుగా మొదలుపెట్టవచ్చా?
- బెంగళూరు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: వద్దు. ‘మోడర్న్ పోకర్ థియరీ’ (2019) గొప్ప పుస్తకమే, కానీ అందులోని పట్టికలు కారణం తెలియకుండా బట్టీపడితే దెబ్బతింటారు. సగం పాట్ బ్లఫ్ లాభించాలంటే అవతలివాళ్లు మూడింట ఒక వంతుకు మించి ఫోల్డ్ కావాలి. దేనికైనా కాల్ చేసే టేబుల్ మీద అది జరగదు. అక్కడ బ్లఫ్‌లు తగ్గించి, మంచి ముక్కలున్నప్పుడు పెద్ద బెట్ వేయడమే దారి. ఆ సిద్ధాంతం మూలాలు తెలియాలంటే ముందు ఆండ్రూ బ్రోకోస్ ‘ప్లే ఆప్టిమల్ పోకర్’ చదవండి. చిన్న చిన్న నమూనా ఆటలతో మొదలై మెల్లగా లోతుకు తీసుకెళుతుంది.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉంటాను. డబ్బు పెట్టకుండా సాధన ఎలా?
- ఒక విద్యార్థి

జవాబు: డబ్బు పెట్టకపోవడమే మంచిది. తెలంగాణ 2017లోనే ఆన్‌లైన్ పందేలను నిషేధించింది, 2025లో కేంద్రం కూడా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలపై చట్టం తెచ్చింది. సాధనకు ఒక పేక చాలు. చేతిలో రెండు ఇస్పేట్లు, ఫ్లాప్‌లో (టేబుల్ మీద తెరిచే మొదటి మూడు ముక్కలు) మరో రెండు ఇస్పేట్లు, ఒక వేరే ముక్క పెట్టుకోండి. మిగతా 47 బాగా కలిపి రెండు తీయండి. ప్రతిసారీ మళ్లీ కలుపుతూ 50 సార్లు చేసి, ఎన్నిసార్లు ఇస్పేటు పడిందో రాసుకోండి. లెక్క ప్రకారం 35 శాతం, అంటే 17 లేదా 18 సార్లు పడాలి. 12 వచ్చినా, 23 వచ్చినా పేకలో తప్పేం లేదు. 50 సార్లకు అంత ఊగిసలాట మామూలే.