పాంక్రియాస్ క్యాన్సర్‌కి ఇమ్యునోథెరపీ: ముందు ఎంఎస్ఐ రిపోర్ట్ చూడండి

మిగతా క్యాన్సర్లకి పనిచేసే ఇమ్యునోథెరపీ (శరీర రోగనిరోధక శక్తితోనే క్యాన్సర్‌ని ఎదుర్కొనే చికిత్స) పాంక్రియాస్ క్యాన్సర్ ఉన్న మీ నాన్నగారికి డాక్టర్లు ఎందుకు వద్దన్నారని అడిగారు. పాంక్రియాస్ గడ్డ చుట్టూ గట్టి పీచులాంటి కణజాలం ఉంటుంది. రోగనిరోధక కణాలు లోపలికి పెద్దగా చేరవు. అందుకే ఆ మందు ఒక్కటే ఇస్తే చాలామందికి ఫలితం ఉండదు.

1. బయాప్సీ (గడ్డ ముక్క తీసి చేసే పరీక్ష) రిపోర్ట్‌లో ఎంఎస్ఐ లేదా ఎంఎంఆర్ ఉందా? కణంలో డీఎన్ఏ తప్పుల్ని సరిదిద్దే ఏర్పాటు పాడైందా అని చూసే పరీక్షలివి. దీన్ని వదిలేయకండి. ఎంఎస్ఐ-హై (అంటే ఆ ఏర్పాటు పాడైందని) వచ్చేది నూటికి ఒకరిద్దరికే. వస్తే మాత్రం పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు గురించి డాక్టర్‌ని గట్టిగా అడగొచ్చు. పరీక్ష చేయలేదా? ల్యాబ్‌లో దాచిన ముక్క సరిపోతే దాని మీదే చేస్తారు, మళ్లీ సూది అక్కర్లేదు.

2. కొత్త చికిత్సల ప్రయోగాల వివరాలుండే క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్ వెబ్‌సైట్‌లో 'రిక్రూటింగ్' (ఇప్పుడు రోగుల్ని చేర్చుకుంటున్నవి) ఫిల్టర్ పెట్టి వెతకండి. అర్హతల భాగం ముందు చదవండి.

3. మీరు చెప్పిన, పాంక్రియాస్ క్యాన్సర్ మీద ప్రయోగిస్తున్న ఎంఆర్ఎన్ఏ టీకా 2023 ఫలితాలు 16 మందివే, అదీ ఆపరేషన్‌తో గడ్డ తీసేసినవాళ్లవి. నాన్నగారికి ఆపరేషన్ కాలేదన్నారు కాబట్టి దాన్ని పక్కన పెట్టండి.