థియరీలో మార్కులొస్తున్నాయి, ల్యాబ్‌లో సర్క్యూట్ మాత్రం పనిచేయట్లేదు. ఎక్కడ తేడా కొడుతోంది?

ఈఈఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్) రెండో సంవత్సరం, సర్క్యూట్ థియరీ లెక్కలు బాగానే వస్తున్నాయి, బ్రెడ్‌బోర్డ్ (సోల్డరింగ్ లేకుండా పార్టులు గుచ్చే బోర్డు) మీద కడితే మాత్రం ఆ విలువలు రావట్లేదు అంటున్నారు. ల్యాబ్‌లో ఇలాంటి సర్క్యూట్లు రోజూ చూస్తుంటాను. చాలాసార్లు తప్పు మీ లెక్కలో ఉండదు, లెక్కలో కలపనివాటిలో ఉంటుంది. మీటర్, ప్రోబ్, సిగ్నల్ జనరేటర్, సప్లై వైర్లు కూడా మీ సర్క్యూట్‌లో భాగాలే. పుస్తకంలో బొమ్మ గీసినవాళ్లు వాటిని వదిలేశారు.

ముందు మీటర్ సంగతి. రెండు 1 మెగా ఓం రెసిస్టర్లు సిరీస్‌లో పెట్టి 10 వోల్టులివ్వండి. మధ్యలో 5 వోల్టులుండాలి. మామూలు డిజిటల్ మల్టీమీటర్ మాత్రం 4.76 దగ్గర చూపిస్తుంది. మీటర్ లోపలుండే 10 మెగా ఓం, కింది రెసిస్టర్‌కి ప్యారలల్‌గా చేరి దాన్ని 0.909 మెగా ఓం చేసేసింది. అదే పాయింట్‌ని 1ఎక్స్‌లో (సిగ్నల్‌ని తగ్గించకుండా పంపే సెట్టింగ్) ఉన్న ఆసిలోస్కోప్ (వోల్టేజ్‌ని వేవ్‌గా చూపే పరికరం) ప్రోబ్‌తో చూడండి, 3.33కి పడిపోతుంది, ఎందుకంటే స్కోప్ ఇన్‌పుట్ 1 మెగా ఓమే. ప్రోబ్ స్విచ్‌ని 10ఎక్స్‌కి (సిగ్నల్‌ని పదో వంతు చేసే సెట్టింగ్, అప్పుడు ఇన్‌పుట్ 10 మెగా ఓం) మార్చి, స్కోప్ ఛానెల్ మెనూలో కూడా 10ఎక్స్ పెడితే మళ్లీ 4.76 దగ్గరికొస్తుంది. రెసిస్టర్ల 5 శాతం టాలరెన్స్ వల్ల విలువ కాస్త అటూఇటూ అవుతుంది, పట్టించుకోవద్దు. మెగా ఓంల బదులు 10 కిలో ఓంలు పెడితే ఈ గొడవేమీ కనిపించదు. థెవెనిన్ సిద్ధాంతం (ఎంత పెద్ద లీనియర్ సర్క్యూట్‌నైనా ఒక సోర్స్, దానికి సిరీస్‌లో ఒక రెసిస్టర్‌గా చూడొచ్చనేది) ఎందుకు నేర్పిస్తారో పది లెక్కలు చేసినా రాని అవగాహన ఈ రెండు రెసిస్టర్లతో వస్తుంది.

తర్వాత ఆర్‌సీ లో-పాస్ ఫిల్టర్ (తక్కువ ఫ్రీక్వెన్సీలని పంపి, ఎక్కువవాటిని తగ్గించే రెసిస్టర్-కెపాసిటర్ సర్క్యూట్) కట్టండి: 10 కిలో ఓం, 10 నానోఫారడ్ (కెపాసిటర్ మీద 103 అని ఉంటుంది). కటాఫ్ (అవుట్‌పుట్ 0.707 రెట్లకి తగ్గే ఫ్రీక్వెన్సీ) సుమారు 1,592 హెర్ట్జ్. సప్లై ఆన్ చేయకముందే నోట్‌బుక్‌లో రాసుకోండి: 159 హెర్ట్జ్ దగ్గర అవుట్‌పుట్ దాదాపు ఇన్‌పుట్ అంతే ఉండాలి, 1,592 దగ్గర 0.707 రెట్లు, 15.9 కిలోహెర్ట్జ్ దగ్గర పదో వంతు. కటాఫ్ దగ్గర అవుట్‌పుట్ 45 డిగ్రీలు వెనకబడాలి. అక్కడ ఒక సైకిల్ 628 మైక్రోసెకన్లు, 45 డిగ్రీలంటే అందులో ఎనిమిదో వంతు, కాబట్టి స్క్రీన్ మీద రెండు వేవ్‌ల మధ్య 78 మైక్రోసెకన్ల ఎడం కనిపించాలి. సైన్ వేవ్ పరిమాణాన్నీ ఫేజ్‌నీ చెప్పే ఫేజర్ అంటే కాగితం మీద బాణం మాత్రమే అనుకునేవాళ్లకి ఆ ఎడం ఒకసారి కర్సర్‌తో కొలిస్తే చాలు.

ఇక్కడే ఇంకో మెలిక. జనరేటర్‌లో 1 వోల్ట్ సెట్ చేస్తే స్కోప్‌లో 2 వోల్టులు కనిపిస్తున్నాయా? జనరేటర్ పాడవలేదు. దాని అవుట్‌పుట్ రెసిస్టెన్స్ 50 ఓంలు. అవతల కూడా 50 ఓంల లోడ్ ఉందనుకుని డిస్‌ప్లే చూపిస్తోంది. మెనూలో లోడ్‌ని హై-జెడ్‌కి (చాలా ఎక్కువ రెసిస్టెన్స్ ఉన్న లోడ్) మార్చండి.

741 ఆప్-ఆంప్ (సిగ్నల్‌ని పెంచే ఆంప్లిఫైయర్ చిప్) గురించి విడిగా చెప్పాలి, ఎక్కువమంది ఇరుక్కునేది అక్కడే. సింగిల్ 5 వోల్ట్ సప్లై మీద దాన్ని నడపాలని చూడొద్దు. అవుట్‌పుట్ రెండు వైపులా సప్లైకి దాదాపు 2 వోల్టుల ముందే ఆగిపోతుంది, ఇక మిగిలేదెంత? ప్లస్ మైనస్ 12 ఇవ్వండి, లేదా ఎంసీపీ6002 లాంటి రైల్-టు-రైల్ (అవుట్‌పుట్ దాదాపు సప్లై అంచులదాకా వెళ్లే) చిప్ వాడండి. 741కి స్లూ రేట్ (అవుట్‌పుట్ మారగలిగే గరిష్ఠ వేగం) మైక్రోసెకనుకి 0.5 వోల్ట్. 10 వోల్టుల పీక్ సైన్ కావాలంటే ఆ స్లూ రేట్‌ని 2 పై రెట్లు పీక్‌తో భాగించండి, సుమారు 8 కిలోహెర్ట్జ్ వస్తుంది. అది దాటితే సైన్ వేవ్ త్రిభుజంలా మారుతుంది. గెయిన్ లెక్క ఎన్నిసార్లు సరిచూసుకున్నా దానికి కారణం దొరకదు. ప్రతి ఐసీ సప్లై పిన్ను పక్కనే గ్రౌండ్‌కి 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ (104) పెట్టడం అలవాటు చేసుకోండి. పొడవాటి సప్లై వైర్ల ఇండక్టెన్స్ వల్ల వచ్చే అనవసర ఆసిలేషన్లు సగం దాంతోనే పోతాయి.

అసలేమీ పనిచేయనప్పుడు సర్క్యూట్ మొత్తం పీకేయకండి. మొదట ఐసీ పిన్నుల మీదే సప్లై కొలవండి, బోర్డు రైల్ (సప్లై ఇచ్చే పొడవాటి వరస) మీద కాదు, ఎందుకంటే పొడవు బోర్డుల్లో చాలావాటికి రైల్ మధ్యలో తెగి ఉంటుంది. తర్వాత గ్రౌండ్లన్నీ కలిశాయో లేదో. ఆ తర్వాత ఇన్‌పుట్ నుంచి ఒక్కో నోడ్ (పార్టులు కలిసే చోటు) చూసుకుంటూ పోతే, లెక్కతో మొదట విభేదించే నోడ్ దగ్గరే తప్పు దొరుకుతుంది. మల్టీమీటర్ ప్రోబ్ కరెంట్ జాక్‌లోనే ఉండగా వోల్టేజ్ కొలవడం మరో పాత తప్పు. అది షార్ట్ సర్క్యూటే, ఫ్యూజ్ పోతుంది.

సిమ్యులేటర్ వాడితే మంచిదే, కానీ చేతి లెక్క తర్వాతే. స్పైస్‌లో (సర్క్యూట్ సిమ్యులేటర్ ప్రోగ్రాం) 1 పక్కన ఎం అక్షరం, చిన్నదైనా పెద్దదైనా, మిల్లీ కిందే లెక్క. మెగా కావాలంటే మెగ్ అని టైప్ చేయాలి. పైన చెప్పిన డివైడర్‌ని సిమ్యులేట్ చేస్తే మీటర్ బదులు 10 మెగా ఓం కూడా గీయండి, అప్పుడే 4.76 వస్తుంది.

చివరగా, స్కోప్ ప్రోబ్ గ్రౌండ్ క్లిప్ నేరుగా మెయిన్స్ ఎర్త్‌కి కలిసి ఉంటుంది. గ్రౌండ్ కాని నోడ్‌కి తగిలిస్తే ఆ నోడ్ ఎర్త్‌కి షార్టయ్యే ప్రమాదం ఉంది. ఏదైనా కాంపోనెంట్ రెండు చివరల మధ్య వోల్టేజ్ కావాలంటే రెండు ఛానెళ్లతో చూసి మ్యాథ్ మెనూలో ఒకదాన్నుంచి ఒకటి తీసేయండి. మెయిన్స్‌కి నేరుగా కలిసిన రెక్టిఫైర్ మీద డిఫరెన్షియల్ ప్రోబ్ (ఎర్త్‌తో సంబంధం లేకుండా రెండు పాయింట్ల తేడా కొలిచేది) లేకుండా కొలవకండి. స్కోప్ ప్లగ్ ఎర్త్ పిన్ను తీసేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు, వినకండి. అలా చేస్తే స్కోప్ బాడీయే లైవ్ అవుతుంది.