పెడల్ ఊగితే ప్లేటు మార్చాలా?

ప్రశ్న: మేస్త్రిగారూ, మాది నూజివీడు దగ్గర పల్లె. నాన్నగారు 1968లో కొన్న మహీంద్రా పెట్రోలు జీపు ఉంది. వెనక ట్రే కట్టించి పికప్‌లా వాడాం, మామిడికాయలన్నీ దాంట్లోనే తోలేవాళ్లం. ఇప్పుడు క్లచ్ పెడల్ అటూ ఇటూ ఊగుతోంది. సగం దాకా తొక్కినా కింద ఏమీ కదలదు, గేరు వేస్తే కర్రుమంటోంది. కేబుల్ బిగించీ బిగించీ మర అయిపోయింది. క్లచ్ ప్లేటు పోయిందంటున్నారు. దీనికి సామాన్లు దొరుకుతాయా?

జవాబు: బాబూ, ప్లేటు మార్చాలని గేర్‌బాక్సు అప్పుడే దించనివ్వకండి. పెడల్ ఊగుతోందని మీరే రాశారు, ప్లేటు పోతే పెడల్ ఊగదు. ముందు బండి కిందికి దూరండి. ఒకరు పెడల్‌ని చేత్తో మెల్లగా నొక్కుతూ వదులుతూ ఉండాలి, మీరు కింద ఒక్కో కీలు మీదా వేలు పెట్టి చూడాలి. పెడల్ షాఫ్టు, దాని చివర లివరు, ఛాసిస్‌కీ గేర్‌బాక్సు వైపుకీ మధ్య బాల్ స్టడ్‌ల (గుండు తల ఉన్న బోల్టుల) మీద తిరుగుతూ పెడల్ కదలికని అవతలికి అందించే బెల్‌క్రాంక్ గొట్టం, అక్కణ్ణుంచి క్లచ్‌ని విడదీసే ఫోర్కుకి వెళ్లే కేబుల్. ఏ కీలు దగ్గర ముందు ముక్క కదిలినా తర్వాతి ముక్క ఆలస్యంగా కదులుతుందో అక్కడ సుద్దతో గుర్తు పెట్టండి. ఒక్కో చోట ఉన్నది ఒక మిల్లీమీటరు అరుగుదలే కావచ్చు. నాలుగైదు చోట్లది కలిసి, పైన పాదం దగ్గరికొచ్చేసరికి కొన్ని రెట్లవుతుంది. మీ సగం పెడల్ పోయింది అక్కడే. కేబుల్ బిగిస్తే ఆ అరుగుదల కనపడకుండా పోతుంది కానీ తగ్గదు.

బెల్‌క్రాంక్ విప్పితే బాల్ స్టడ్ ఒక పక్క చెక్కినట్టు బల్లపరుపుగా కనిపిస్తుంది. మట్టి, ఎండిపోయిన గ్రీజు కలిసి ఆకురాయిలా అరగదీసేస్తాయి. స్టడ్‌లు కొత్తవే వేయండి. లివర్లలో పిన్ను రంధ్రాలు కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చి ఉంటాయి. వాటిని లేతు మీద గుండ్రంగా బోరు చేయించి గన్‌మెటల్ బుష్ (పిన్ను తిరగడానికి లోపల దిగ్గొట్టే లోహపు గొట్టం) కొట్టించండి. రంధ్రం సాగిందని లావు బోల్టు దూర్చి వదిలేయొద్దు. మీ జీపు అమెరికా విల్లీస్ జీపు నమూనాయే, దాని కొలతలన్నీ అంగుళాల్లో ఉంటాయి. మూడు సూతుల (అంగుళంలో ఎనిమిదింట మూడు వంతుల) రంధ్రంలో పది మిల్లీమీటర్ల బోల్టు పట్టదు, ఎనిమిది వేస్తే గలగలమంటుంది. లివరు పిన్ను జారకుండా చివర దూర్చి కాళ్లు వంచే స్ప్లిట్ పిన్ను బదులు బైండింగ్ తీగ చుట్టిన బండి ఒకటి నా షెడ్డుకి లాక్కొచ్చారు. మైలవరం రోడ్డు మీద నడుస్తుండగానే లివరు పిన్ను జారి, పెడల్ నేలకి అతుక్కుపోయింది. స్ప్లిట్ పిన్ను పది రూపాయలు కూడా ఉండదు, విప్పిన ప్రతిసారీ కొత్తది వేయండి.

బ్రేకు పెడల్ కూడా అదే షాఫ్టు మీద తిరుగుతుంది, కాబట్టి దాని బుష్ కూడా ఈసారే చూడండి. బ్రేకు రాడ్‌కి మాత్రం వెల్డింగ్ పెట్టనివ్వకండి. అరిగితే మార్చాల్సిందే. అన్నీ బిగించాక క్లచ్ పెడల్‌కి సుమారు ఒక అంగుళం ఫ్రీ ప్లే, అంటే పని మొదలవకముందు పెడల్ ఊరికే కదిలే దూరం, ఉంచండి. బ్రేకుకి కూడా కొంచెం ఉండాలి, లేకపోతే మాస్టర్ సిలిండర్‌లో ఆయిల్ వెనక్కి రాక చక్రాలు పట్టేస్తాయి. ఇంకో మాట, మీ బండికి ఫస్ట్ గేరులో సింక్రో (గేరు పడేముందు వేగాలు కలిపే అమరిక) లేదు. కదులుతుండగా ఫస్ట్ వేస్తే కర్రుమనడం సహజం, దానికి టెన్షన్ పడకండి. బండి ఆగి ఉన్నప్పుడు కూడా కర్రుమంటేనే క్లచ్ పూర్తిగా విడిపోవట్లేదని అర్థం.

సామాన్ల సంగతి. విజయవాడ ఆటోనగర్‌లో పాత జీపు సామాన్లు అమ్మే కొట్లలో ముందు అడగండి. అక్కడ లేకపోతే చెన్నై పుదుప్పేట, హర్యానాలో జీపులకి పేరుపడ్డ మండీ డబ్వాలీ ఉన్నాయి. కేబుల్ తీసేసి, ఆయిల్ ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ క్లచ్ పెట్టించమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు, నాకు అది ఇష్టం లేదు. 50 ఏళ్లు దాటిన సొంత బండ్లని వింటేజ్‌గా రిజిస్టర్ చేసే కేంద్ర నిబంధనలు 2021లో వచ్చాయి, వాటి ప్రకారం బండి అసలు రూపంలో ఉండాలి. నాన్నగారు తొక్కిన పెడల్ అది, అలాగే బాగుచేయించండి.

లేతుకి వెళ్లేటప్పుడు పాత పిన్నులన్నీ ఒక డబ్బాలో వేసుకెళ్లండి, ఒక్కటీ పారేయకండి. టర్నర్‌తో పిన్ను నడుమ కాకుండా తల పక్కన, లివరు తగలని చోట కొలవమని చెప్పండి. అసలు సైజు అక్కడే మిగిలి ఉంటుంది.