దూరపు కొండా, గుమ్మం ముందు గుట్టా?

మీ ప్రశ్న చదువుతుంటే ఆరేళ్ళ కిందటి నా అవస్థ కళ్ళ ముందు కదిలింది. ఆఫీసు నగరం నడిబొడ్డున ఉంది, వారానికి నాలుగు రోజులు వెళ్ళక తప్పదు, మౌంటెన్ బైక్‌ను, అంటే కొండల మట్టిబాటల మీద తొక్కే సైకిల్‌ను, మాత్రం వదులుకోలేరు. ఒక శివారు పెద్ద కొండ పాదాన ఉంది, కానీ అక్కడి నుంచి ఆఫీసుకు గంటా పది నిమిషాలు. ఇంకొకటి 35 నిమిషాలే, కానీ దగ్గర్లో ఉన్నది చిన్న అడవి, చిన్న గుట్ట. ఏది మేలు అని అడిగారు. సరిగ్గా ఈ రెండు రకాల చోట్లా నేను కాపురం పెట్టాను, అదీ తప్పు వరుసలో. కాబట్టి నా తీర్పు ముందే చెప్పేస్తాను: గుట్ట పక్కకు వెళ్ళండి. ఎందుకో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

దూరపు కొండలు నునుపు అంటారు. నన్ను మాత్రం దగ్గరి కొండే మోసం చేసింది. మొదటి ఇంట్లో వంటగది కిటికీ తెరిస్తే శిఖరం కనిపించేది. వీధి చివర తారురోడ్డు ఆగిపోయి, అక్కడి నుంచే 400 మీటర్ల ఎత్తుకు ఎక్కే బాట మొదలయ్యేది. ఇల్లు చూడటానికి వెళ్ళింది ఒక ఆదివారం మధ్యాహ్నం. ఆఫీసుకు 55 నిమిషాలని ఫోనులో మ్యాపు చెప్పింది, నమ్మాను. చేరిన మొదటి సోమవారం ఉదయం అదే దారికి 80 నిమిషాలు పట్టింది. తిరుగు ప్రయాణానికీ అంతే.

రైడ్లు నోటుపుస్తకంలో రాసుకునే అలవాటు నాకు మొదటి నుంచీ ఉంది. నగరం మధ్యలో అద్దెకున్న చివరి ఏడాది 61 సార్లు తొక్కాను. కొండ పాదాన మొదటి ఏడాది 44 సార్లు. పొరపాటు పడ్డానేమోనని మళ్ళీ లెక్కపెట్టాను, 44 మారలేదు. రాత్రి 7:40కి ఇల్లు చేరి, గోడకు తగిలించిన సైకిల్ దగ్గరకు వెళ్ళి బొటనవేలితో టైరు నొక్కి చూసేవాణ్ణి. మెత్తబడి ఉండేది. పోయిన ఆదివారం అంటిన మట్టి ఎండి, పెచ్చులుగా నేల మీద రాలి ఉండేది. గాలి కొట్టాలి, గొలుసుకు నూనె వేయాలి, దీపం ఛార్జింగులో పెట్టాలి. రేపు చూద్దాం అనుకుని లోపలికి వెళ్ళిపోయేవాణ్ణి. పోనీ శని, ఆదివారాలైనా దక్కేవా అంటే, ఆ రెండు రోజులూ నగరమంతా మా కొండకే వచ్చేది. మా గేటు దాకా కార్లు బారులు తీరేవి. నడిచేవాళ్ళకు, పిల్లలకు, కుక్కలకు దారి ఇస్తూ దిగడమే సరిపోయేది. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

అక్కడ తెలిసిన అసలు సంగతి ఒక్కటే. ఆదివారం తొక్కే బాటకూ మీరుండే ఇంటికీ పెద్దగా సంబంధం లేదు. సెలవు రోజున ఎక్కడి నుంచైనా, ఎంత దూరమైనా వెళ్ళిరావచ్చు. ఇల్లు ఇవ్వగలిగేది మంగళవారం సాయంత్రం తొక్కే గంటను. ఆ గంట దొరుకుతుందా లేదా అన్నదాని మీదే శివారును ఎంచుకోవాలి. సాయంత్రం ఆరుంబావుకు ఇంట్లో ఉండాలి, ఆరున్నరకు గేటు దాటాలి, పావుగంటలో చక్రం మట్టిని తాకాలి, అదీ కారు అవసరం లేకుండా. కారు వెనక సైకిల్ కట్టడం చూడటానికి చిన్న పనే. ముందు చక్రం ఊడదీయడం, పట్టీలు బిగించడం, అక్కడ దించి మళ్ళీ బిగించడం, తిరిగొచ్చేటప్పుడు బురదతో అదంతా మరోసారి చేయడం కలిస్తే అరగంట పైనే పోతుంది. పని రోజున ఆ అరగంట ఖర్చు పెట్టే ఓపిక ఎవరికీ ఉండదు. నాకైతే లేదు.

చిన్న గుట్ట అని తీసిపారేయకండి. ఇప్పుడు మా ఇంటికి దగ్గర్లో ఉన్నది 70 మీటర్ల గుట్ట. దాని చుట్టూ మెలికలు తిరుగుతూ 9 కిలోమీటర్ల బాటలున్నాయి. నాలుగు సార్లు ఎక్కి దిగితే 280 మీటర్ల ఎక్కుడు అవుతుంది, ఆఫీసు నుంచి వచ్చిన కాళ్ళకు అది చాలు. చూడాల్సింది ఎత్తు కాదు, ఆ బాటల స్థాయి. చాలా దేశాల్లో ఆకుపచ్చ గుర్తు ఉంటే తేలిక, నీలం అయితే మధ్యస్థం, నలుపు అయితే కఠినం. అన్నీ నలుపే అయితే అలసిన సాయంత్రం ఎక్కడో ఒకచోట పడతారు. అన్నీ ఆకుపచ్చవే అయితే ఆరు నెలల్లో మొహం మొత్తుతుంది. ఆకుపచ్చ, నీలం కలగలిసి, ఒక్క నలుపు బాట ఊరిస్తూ ఉంటే అంతకు మించి కోరుకోనక్కర్లేదు.

అసలు ఈ ఆటకు పునాది పడిందే ఇళ్ళకు దగ్గరలో ఉన్న కొండల మీద. శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన మారిన్ కౌంటీలో ఫెయిర్‌ఫ్యాక్స్ అనే చిన్న ఊరుంది. ఆ ఊరి దగ్గరి ఒక మట్టిదారిలో 1976లో స్థానిక కుర్రాళ్ళు పందేలు మొదలుపెట్టారు. లావు టైర్ల పాత సైకిళ్ళ మీద సుమారు 3 కిలోమీటర్లలో 400 మీటర్లు కిందికి దిగేవారు. పెడల్‌ను వెనక్కి తొక్కితే పడే బ్రేకులు అవి. ఒక్క దిగుడుకే హబ్ (చక్రం నడిమి భాగం) వేడెక్కి, లోపలి గ్రీజు కాలి పొగలు వచ్చేవి. ప్రతిసారీ మళ్ళీ గ్రీజు కూరాల్సి వచ్చేది కాబట్టి ఆ పందేనికి 'రీప్యాక్' అనే పేరే స్థిరపడింది. తర్వాత మౌంటెన్ బైక్‌కు ఆద్యులుగా పేరుపడ్డ జో బ్రీజ్, గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ అక్కడ తొక్కినవాళ్ళే. వాళ్ళది మహా పర్వతమేమీ కాదు, ఇంటికి దగ్గరది, అంతే.

ఇక ఆఫీసు దారి. చెసారే మార్కెట్టి అనే ఇటలీ శాస్త్రవేత్త 1994లో ఒక వ్యాసం రాశాడు. నడిచినా, రైలెక్కినా, కారు నడిపినా మనిషి రోజు మొత్తం మీద ప్రయాణానికి సుమారు గంటే కేటాయిస్తాడని, వాహనం వేగం పెరిగితే ఇల్లు దూరం జరుగుతుంది తప్ప ఆ గంట మారదని ఆయన వాదన. రానూపోనూ కలిపి గంట. నాది 160 నిమిషాలు. మిగతా వంద నిమిషాలు ఎక్కడి నుంచి వచ్చాయంటే, నా సాయంత్రపు రైడ్ల నుంచే వచ్చాయి.

ప్రయాణాన్ని లెక్కవేసేటప్పుడు సగటును నమ్మకండి. పది రోజుల్లో చెడ్డ రోజు ఎంతసేపు పడుతుందో చూడండి. అరగంటకు ఒక రైలు ఉన్న లైనులో ఒక్క నిమిషం ఆలస్యమైతే అరగంట పోయినట్టే. పది నిమిషాలకు ఒకటి ఉంటే టైము చూసుకోనక్కర్లేదు. రైలు ఆగిపోయిన రోజున బస్సు ఉందా, చివరి రైలు ఎన్నింటికి అనేవి కూడా ముందే కనుక్కోండి. ఇంట్లో ఇంకొకరికి ఉద్యోగం ఉంటే వాళ్ళ దారీ లెక్కలోకి రావాలి. మా మొదటి ఇంటి నుంచి నా భార్య ఆఫీసుకు రెండు బస్సులు మారాల్సి వచ్చేది. ఆ ఇల్లు వదిలేద్దామని మొదట అన్నది తనే, నేను కాదు.

సైకిల్‌ను రైల్లో పెట్టుకుని ఆఫీసు నుంచి నేరుగా కొండకు పోవచ్చు అనే ఊహ మీకూ వచ్చి ఉంటుంది. ఎక్కడైనా ఆ నిబంధన చదవకుండా దాని మీద ఆశ పెట్టుకోవద్దు. చాలా నగరాల్లో రద్దీ వేళల్లో మడత సైకిళ్ళను తప్ప మామూలు సైకిళ్ళను రైలు ఎక్కనివ్వరు. నేను చేసేది వేరు. స్టేషన్‌కు వెళ్ళిరావడానికి ఒక పాత డొక్కు సైకిల్ ఉంది. దాన్ని ఎత్తుకెళ్ళాలని ఏ దొంగకూ బుద్ధి పుట్టదు. మౌంటెన్ బైక్‌ను మాత్రం స్టేషన్ దగ్గర ఒక్క గంట కూడా వదలను.

అందరూ మరిచిపోయేది నేల. నేనూ మరిచిపోయాను. మొదటి కొండది బంకమట్టి. వాన పడితే అది టైరుకూ ఫ్రేముకూ మధ్య ముద్దలా ఇరుక్కుని చక్రాన్ని ఆపేస్తుంది, సైకిల్‌ను భుజాన మోసుకుని రావాలి. మొండికేసి తొక్కితే లోతైన గాడులు పడి, ఎండాక అవి రాయిలా గట్టిపడతాయి, బాట పాడవుతుంది. ఒక్క వానకు మూడు, నాలుగు రోజులు ఇంట్లో కూర్చోవాల్సిందే. ఇప్పటి గుట్టది గులకరాళ్ళు కలిసిన ఇసుక నేల. రాత్రి కురిసినా మర్నాడు సాయంత్రానికి నీరు ఇంకిపోయి తొక్కడానికి సిద్ధంగా ఉంటుంది. ఏడాదిలో తొక్కగలిగే రోజుల సంఖ్యను ఎత్తు కన్నా, దూరం కన్నా ఇదే ఎక్కువగా మార్చింది.

తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. బాట మొదట్లో పిడికెడు మట్టి తీసుకోండి. కాస్త నీళ్ళు చల్లి ముద్ద చేయండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుతూ పట్టీలా పైకి సాగదీయండి. రెండున్నర సెంటీమీటర్ల లోపే తెగిపోతే బంక తక్కువ, నిశ్చింతగా ఉండవచ్చు. ఐదు సెంటీమీటర్లు దాటినా తెగకుండా వేలాడితే అది బంకమట్టి. రెండో ఇల్లు ఖాయం చేసుకునే ముందు నేను ఈ పని చేస్తుంటే, ఇల్లు చూపించడానికి వచ్చిన పెద్దమనిషి నన్ను ఎగాదిగా చూశాడు. ఇల్లు కట్టడానికి పునాది పరీక్ష చేస్తున్నాననుకున్నాడేమో.

చీకటి సంగతి కూడా చూసుకోండి. భూమధ్యరేఖకు ఎంత దూరమైతే చలికాలపు సాయంత్రాలు అంత పొట్టివి. సూర్యాస్తమయానికే మూసేసే అడవి పక్కన ఇల్లు తీసుకుంటే, ఏడాదిలో కొన్ని నెలలు పని రోజుల్లో రైడ్ అనే మాటే ఉండదు. మా గుట్టలో సగభాగానికి ఆ నిబంధన ఉంది, సగానికి లేదు. ఆ రెండో సగమే నన్ను కాపాడుతోంది. హ్యాండిల్‌బార్‌కు ఒక దీపం, హెల్మెట్‌కు ఒక దీపం పెట్టుకుంటాను. మలుపులో తల తిప్పిన వైపు వెలుగు పడాలంటే రెండోది తప్పదు. బాట మొదట్లో బోర్డు ఉంటే ఓపికగా చదవండి. ఆ భూమి ఎవరిదో కూడా తెలుసుకోండి. ప్రైవేటు స్థలంలో ఇన్నాళ్ళూ చూసీచూడనట్టు వదిలేసిన బాటకు ఒక పొద్దున్నే కంచె పడవచ్చు. బాటలు బాగుచేసే స్థానికులతో ఒక పూట పార పట్టి పనిచేస్తే ఈ గుట్టుమట్లన్నీ వాళ్ళే చెబుతారు.

ఇంటి లోపల చూడాల్సింది కొంచెమే. ఇప్పటి హ్యాండిల్‌బార్లు 78, 80 సెంటీమీటర్ల వెడల్పుంటున్నాయి, లిఫ్టులోకీ గుమ్మంలోకీ పడుతుందో లేదో టేపు పెట్టి కొలవండి. సైకిల్ కడగడానికి బయట ఒక కొళాయి ఉండాలి. బ్యాటరీ సైకిల్ అయితే చాలావరకు 20 కిలోల పైమాటే, మూడో అంతస్తుకు మోయగలరా, ఆ భవనంలో ఛార్జింగుకు ఒప్పుకుంటారా అని ముందే అడగండి.

కొనేముందు ఒక మంగళవారం అక్కడ బతికి చూడండి. నేను రెండోసారి ఆ పని చేశాను. వాన పడుతున్న రోజును కావాలనే ఎంచుకున్నాను. ఉదయం ఏడింటికి ఆ స్టేషన్ నుంచి ఆఫీసుకు వెళ్ళాను, సాయంత్రం తిరిగొచ్చి, అంతకుముందే ఆ వీధిలో తెలిసినవాళ్ళ ఇంట్లో ఉంచిన సైకిల్ తీసుకుని గుట్టకు బయల్దేరాను. మ్యాపులో 2.4 కిలోమీటర్లే. మధ్యలో ఆరు వరుసల రహదారి ఉందని, దాన్ని దాటే చోటు లేదని మ్యాపు చెప్పలేదు. చుట్టూ తిరిగితే ఆరు కిలోమీటర్లు. సైకిల్ మీద వస్తున్న ఒక పెద్దావిడను అడిగితే, రైలు పట్టాల కింద నుంచి ఒక దారి ఉందని చేత్తో చూపించింది. అందులో చీలమండ లోతు నీళ్ళు. చెప్పులు విప్పి దాటుతున్న ఇద్దరు పిల్లలు నన్ను చూసి నవ్వారు. నేనూ బూట్లు చేతబట్టుకుని దాటాను. ఆ రోజు గుట్ట మీద 40 నిమిషాలు తొక్కి, ఆ తర్వాతి వారం ఒప్పందం రాసుకున్నాను.

పోయినేడాది నా పుస్తకంలో 118 రైడ్లున్నాయి. పోగొట్టుకున్నది లేదా అంటే, ఉంది. కిటికీ తెరిస్తే ఇప్పుడు కనిపించేది ఎదురింటి గోడ. పెద్ద కొండకు నెలకు ఒకటి రెండుసార్లు తెల్లవారుజామునే కారులో వెళ్తాను, నగరం నిద్ర లేచేలోపు దిగి వచ్చేస్తాను. మీకు ఆఫీసు వారానికి ఒకటి రెండు రోజులకు తగ్గే అవకాశం ఉంటే నా తీర్పు తిరగబడుతుంది, అప్పుడు కొండ పాదాన ఉండటమే హాయి. నాలుగు రోజులు అంటున్నారు కాబట్టి గుట్ట పక్కన ఆరు నెలలు అద్దెకు తీసుకోండి. ఈలోగా ఆ రెండు చోట్లకూ ఒక నీళ్ళ సీసాతో వెళ్ళి మట్టి పట్టీ ఎంత సాగిందో కొలిచి ఇక్కడ రాయండి.