మార్కెట్ పడుతుంటే సిప్ ఆపాలా? పాఠకుల ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: ప్రభుత్వ టీచర్ని. ఏడాదిన్నరగా మూడు ఈక్విటీ ఫండ్లలో (షేర్లలో పెట్టే మ్యూచువల్ ఫండ్లు) నెలకు 15,000 సిప్ (నెలనెలా ఒకే మొత్తం కట్టే పద్ధతి) కడుతున్న. కట్టినదానికంటే తక్కువే చూపిస్తోంది. అంతా తీసి నూటికి రెండు రూపాయల మిత్తికి ఇద్దామని మా బామ్మర్ది అంటున్నడు. రెండేండ్లలో బిడ్డ ఇంజినీరింగ్ ఫీజు మొదలైతది. నా రిటైర్మెంట్‌కు ఇంకా 14 ఏండ్లుంది. ఏం చెయ్యాలె?
- ఒక ఉపాధ్యాయుడు, దేవరకొండ

జవాబు: ఫీజు డబ్బు, రిటైర్మెంట్ డబ్బు కలిపేసుకున్నారు. చిక్కంతా అక్కడుంది. మూడేళ్లలోపు ఖర్చయ్యే సొమ్ము ఈక్విటీలో ఉండకూడదు. నష్టంలో ఉన్నా సరే, ఫీజుకు కావాల్సినంత ఆరు నెలల్లో కొంచెం కొంచెంగా తీసి బ్యాంకు డిపాజిట్‌లో వేయండి. ‘లేచాక తీద్దాంలే’ అని కూర్చోకండి, కౌన్సెలింగ్ తేదీ మార్కెట్‌కు తెలియదు. ముందు కొన్న యూనిట్లే (ఫండ్‌లో మీ వాటాలు) ముందు అమ్ముడవుతాయి. ఏడాది దాటిన వాయిదాలకు చాలా ఫండ్లలో 1 శాతం ఎగ్జిట్ లోడ్ (తీసేటప్పుడు పట్టుకునే రుసుము) పడదు. నష్టం వస్తే గడువులోపు ఆదాయపు పన్ను రిటర్ను వేసి అందులో చూపండి. దీర్ఘకాలిక నష్టాన్ని (ఏడాది దాటిన యూనిట్ల మీద వచ్చింది) తర్వాతి 8 ఏళ్ల దీర్ఘకాలిక లాభాల్లోంచి తగ్గించుకోవచ్చు.

మిగిలింది 14 ఏళ్ల డబ్బు. దాని సిప్ ఆపొద్దు. నెలకు 5,000 చొప్పున ఐదు నెలలు కట్టారనుకుందాం. యూనిట్ ధర వరసగా 100, 80, 62.50, 80, 100. మీ చేతికి 50, 62.5, 80, 62.5, 50 యూనిట్లు, మొత్తం 305 వస్తాయి. కట్టింది 25,000, విలువ 30,500. ధర మొదటి చోటికి వచ్చిందంతే, ఒక్క రూపాయీ పెరగలేదు. మూడో నెలలో భయపడి ఆపినవారికి ఆ 80 యూనిట్లు ఉండవు.

ధర తిరిగి రాకపోతేనో? ఒక్క కంపెనీ షేరు విషయంలో ఆ ప్రమాదం నిజమే. పదుల కంపెనీల్లో పెట్టే ఫండ్లకే ఈ లెక్క పనికొస్తుంది. వాటిలోనూ ఎంతకాలం పడుతుందో ముందు తెలియదు. 2008 జనవరిలో 21,000 దాటిన షేర్ల సూచీ సెన్సెక్స్ 2009 మార్చిలో 8,200 దిగువకు వచ్చింది. 2010 నవంబరులో పాత ఎత్తును అందుకుని మళ్లీ జారింది. దాన్ని వెనక్కి చూడకుండా దాటడానికి 2014 దాకా పట్టింది. అదే 2020 మార్చి 23న ఒక్కరోజులో 13 శాతం పడి 25,981 దగ్గర ముగిసినా, నవంబరుకల్లా కోలుకుంది. ఈసారి ఏ రకమో చెప్పగలమనేవారిని నమ్మకండి, మమ్మల్ని కూడా.

ఇక మిత్తి. రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. అంతకు తీసుకునేవారికి బ్యాంకులో అప్పు పుట్టలేదనే సాధారణంగా అర్థం. నోటు రాయించుకున్నా, మధ్యలో చెల్లు వేయించకపోతే మూడేళ్లకు కాలదోషం పడుతుంది, అంటే కోర్టు ద్వారా వసూలు చేసుకోలేరు. ఆ ఒక్క మనిషి చేతులెత్తేస్తే అసలుకే ఎసరు.

ప్రశ్న: బత్తాయి తోట ఉంది. ఏడాదికి రెండు కాపుల మీదే పైసలొస్తయి. నెలనెలా సిప్ పెడితే ఖాతాలో లేక రెండుసార్లు బౌన్స్ అయింది.
- ఒక రైతు, నల్లగొండ

జవాబు: బౌన్స్ అయిన ప్రతిసారీ చాలా బ్యాంకులు రుసుము పట్టుకుంటాయి. నెలవారీ సిప్ వరసగా మూడుసార్లు తప్పితే రద్దయిపోతుంది. మీకు ఎస్‌టీపీ (ఒక ఫండ్ నుంచి మరో ఫండ్‌లోకి నెలనెలా డబ్బు మారే ఏర్పాటు) నయం. కాపు డబ్బు రాగానే ముందు ఏడాది పెట్టుబడి ఖర్చు, ఇంటి ఖర్చు పక్కన పెట్టండి. బోరు ఎండిపోయిన ఏడాది ఆదుకునేది అదే, దాన్ని ముట్టుకోవద్దు. మిగిలింది 1,20,000 అనుకుంటే, అదే ఫండ్ సంస్థ లిక్విడ్ ఫండ్‌లో (కొద్దికాలపు రుణ పత్రాల్లో పెట్టే ఫండ్) వేసి, నెలకు 20,000 చొప్పున ఆరు నెలలు ఈక్విటీ ఫండ్‌లోకి మారేలా ఒకేసారి రాసివ్వండి. ఏడు రోజులు దాటితే లిక్విడ్ ఫండ్‌కు ఎగ్జిట్ లోడ్ ఉండదు. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదని ఫండ్ లాభానికీ లేదనుకోకండి. ఎస్‌టీపీలో కదిలే ప్రతి వాయిదా లిక్విడ్ ఫండ్‌లో అమ్మకం కిందే లెక్క, దానిమీది చిన్న లాభం కూడా మీ ఇతర ఆదాయంలో కలుస్తుంది.

ప్రశ్న: రోజుకు పదిసార్లు ఫోన్లో చూస్తున్నా. పడితే అమ్మాలనిపిస్తుంది, లేస్తే ఇంకా పెట్టాలనిపిస్తుంది.
- ఒక పాఠకురాలు, వనపర్తి

జవాబు: చూడొద్దని చెబితే ఆగేది కాదు. చూసినా చేతికి పని లేకుండా ఒక నియమం కాగితం మీద రాసుకోండి. ఈక్విటీ 60, డిపాజిట్లు, పీపీఎఫ్ (ప్రభుత్వ పొదుపు పథకం) వంటివి 40 శాతం. ఏటా ఉగాది తర్వాతి వారం ఒక్కసారే లెక్క. నిష్పత్తి 5 పాయింట్లకు మించి అటూ ఇటూ అయితేనే సరిచేయాలి.

10 లక్షల్లో 6 లక్షల ఈక్విటీ 30 శాతం పడితే 4.20 లక్షలవుతుంది. మొత్తం 8.20, అందులో ఈక్విటీ వాటా 51 శాతం. 60కి తేవాలంటే డిపాజిట్ నుంచి 72,000 ఈక్విటీలోకి వెళ్లాలి. చేయి వణికేది ఇక్కడే, అందుకే మూడు నెలల పాటు నెలకు 24,000 చొప్పున అని ముందే రాసుకోండి. అందరి 40 శాతమూ ఇలా కదలదు: పీపీఎఫ్‌కు 15 ఏళ్ల గడువు కాబట్టి సరిచేసే డబ్బు డిపాజిట్‌లోనే ఉండాలి.

అదే ఈక్విటీ 40 శాతం పెరిగి 8.40 అయితే వాటా 68 దగ్గర. 96,000 అమ్మాలి. అందులో లాభం 27,000 పైచిలుకే. ఏడాది దాటిన ఈక్విటీ మీద ఏటా 1,25,000 దాకా లాభానికి పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. ఏడాదిలోపు అమ్మితే 20 శాతం.

60 మీకు ఎక్కువేమో కూడా చూసుకోండి. ఆ 6 లక్షలు 3 లక్షలైనా అమ్మకుండా ఉండగలరా? లేకపోతే 40కి తగ్గించండి. ఆ తగ్గించడం మార్కెట్ బాగున్నప్పుడు చేయాలి.

ప్రశ్న: టెలిగ్రామ్ గ్రూపులో ‘సెబీ రిజిస్టర్డ్’ అని చెప్పి టిప్స్ ఇస్తున్నరు. వాళ్ల యాప్‌లో లాభం కూడా కనిపిస్తోంది.
- ఒక పాఠకుడు, జడ్చర్ల

జవాబు: ఇంకొక్క రూపాయి వేయకండి. సెబీ (షేర్ మార్కెట్‌ను నియంత్రించే సంస్థ) ఇచ్చే సలహాదారు నంబరు ఐఎన్‌ఏతో, రీసెర్చ్ అనలిస్టు నంబరు ఐఎన్‌హెచ్‌తో మొదలవుతుంది. కానీ అసలువారి నంబరును దొంగలు వాడుకోవడమూ ఉంది కనుక సెబీ వెబ్‌సైట్‌లో ఉన్న చిరునామా, ఫోన్‌తో సరిచూడండి. మీ షేర్లు, వాటి ఖాతాలు నడిపే సంస్థలైన ఎన్‌ఎస్‌డీఎల్ లేదా సీడీఎస్‌ఎల్ పంపే స్టేట్‌మెంట్‌లో లేకపోతే అవి ఆ యాప్‌లో బొమ్మలే. డబ్బు ఇప్పటికే పంపి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, గంటలు గడిచేకొద్దీ ఖాతాలో నిలిపేయడం కష్టమవుతుంది.