ఎం.కామ్ ప్రాజెక్ట్ టాపిక్, పీహెచ్‌డీ, బ్యాంక్ జాబ్: మిర్యాలగూడ తమ్ముడికి జవాబు

తమ్ముడూ, నువ్వు నల్గొండ ఎంజీయూ (మహాత్మా గాంధీ యూనివర్సిటీ)లో ఎం.కామ్ ఫైనలియర్, ప్రాజెక్ట్‌కి "ఉమ్మడి నల్గొండలో పరిశ్రమలు, బ్యాంకులు, ప్రభుత్వ ఉద్యోగాలు, పదేండ్ల అధ్యయనం" అని పెడదామనుకుంటున్నవ్, దాని మీదనే పీహెచ్‌డీ కూడా చేస్తా అంటున్నవ్, నాయినేమో ముందు బ్యాంక్ జాబ్ కొట్టు అంటున్నడు, ఏం చెయ్యాలె అని అడిగినవ్.

మూడూ ఒక్క ప్రాజెక్ట్‌ల పట్టవు, అది పక్కా. పైగా ఆ పదేండ్లు అనేదే పెద్ద తిప్పలు. 2016 అక్టోబర్‌లో జిల్లా మూడు ముక్కలైంది, 2017 ఏప్రిల్‌లో ఎస్‌బీహెచ్ (స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్) పోయి ఎస్‌బీఐలో కలిసింది, 2025 జనవరి నుంచి మన దగ్గరి ఏపీజీవీబీ (ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంక్) బ్రాంచీలు తెలంగాణ గ్రామీణ బ్యాంక్ కింద పోయినయ్. ఆర్బీఐ సైట్‌ల 2015 నల్గొండ లోన్ల నంబర్, 2020 నల్గొండ నంబర్ ఒకే జిల్లావి కావు, అది చూస్కోకుండ "లోన్లు తగ్గినయ్" అని రాస్తే వైవాలో మొదటి ప్రశ్నకే దొరికిపోతవ్.

నన్నడిగితే మీ ఊరి రైస్ మిల్లులే పట్టుకో. గవర్నమెంట్ వడ్లు తీసుకుని సీఎంఆర్ (గవర్నమెంట్ వడ్లని మరాడించి బియ్యం తిరిగిచ్చే పద్ధతి) కింద పనిచేసే మిల్లు క్వింటాల్ వడ్లకి పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగియ్యాలె, ఆ వడ్లు మిల్లర్‌వి కావు కాబట్టి వాటిని స్టాక్‌గా చూపించి బ్యాంక్‌లో అప్పు తేలేడు. అదే రైతుల ట్రాక్టర్ల కాడ సన్న వడ్లు సొంతంగ కొన్న మిల్లుకి సీసీ లిమిట్ (స్టాక్ చూపించి బ్యాంక్‌లో తెచ్చుకునే క్యాష్ క్రెడిట్ అప్పు) లేకపోతే సీజనే నడ్వది. ఈ రెండు రకాల మిల్లుల్లో వర్కింగ్ క్యాపిటల్ (రోజువారీ నడిపే పైసలు) ఎట్ల తిరుగుతది, హమాలీలకి ఎన్ని నెలలు పని దొరుకుతది, గింత చాలు, ఇందులనే నీ పరిశ్రమ, బ్యాంకు, ఉపాధి మూడూ వచ్చేసినయ్ (కస్టమర్ సాటిస్‌ఫాక్షన్ టాపిక్ మాత్రం వద్దు, చదివి చదివి గైడ్లకే విసుగొచ్చింది). కోతలప్పుడు మాత్రం పోకు, అప్పుడు మిల్లర్ ఫోన్ కూడా ఎత్తడు.

ఇగ జాబ్ సంగతి, ఇక్కడ నేను నాయిన వైపే. గ్రామీణ బ్యాంక్ క్లర్క్‌కి జనరల్‌లో వయసు 28 దాకనే, జేఆర్‌ఎఫ్‌కి (నెట్ పరీక్షతోని వచ్చే పీహెచ్‌డీ ఫెలోషిప్) 30 దాకా ఉంది, అంటే బ్యాంక్ వయసే ముందు అయిపోతది. ఎస్సీ, ఎస్టీలకి రెండింట్లో ఇంకో ఐదేండ్లు ఎక్కువ, బీసీలకి జేఆర్‌ఎఫ్‌ల ఐదు, బ్యాంక్‌ల మూడే. జేఆర్‌ఎఫ్ వస్తే నెలకి 37,000, రాకుంటే ఫుల్‌టైమ్ పీహెచ్‌డీ అంటే ఇంట్లో పైసలడుక్కుంట గడపాలె, మిల్లులో గుమస్తాగిరీ చేసే నాయినకి అది కష్టం. ఐబీపీఎస్ బ్యాంక్ పరీక్షకి చేసే రీజనింగ్, డేటా ఇంటర్‌ప్రిటేషన్ నెట్ పేపర్-1లో కూడా ఉంటయి, సో రెండూ రాయి. జాబొచ్చినా పీహెచ్‌డీ పోదు, 2022 యూజీసీ రూల్స్‌లో పార్ట్‌టైమ్ ఉంది, బ్యాంక్ నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే లెటర్) తెచ్చుకోవాలె.